ఒహాయో గడప దగ్గర ఆగిన పంపు

కోవిడ్ గొడవలు సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవి అది. కెనడాలో వాన్ అనే ఊళ్ళో హైవేకి ఆనుకుని, గోడౌన్ల మధ్య ఉండే మా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అప్పటికే నాకు చాలా ఏళ్ళ సర్వీసు. నా ఉద్యోగం పేరు పర్మిట్ కోఆర్డినేటర్. పేరంటాల్లో ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగి ఈ పేరు వినగానే, వర్క్ పర్మిట్లు ఇప్పిస్తాననుకుని వాళ్ళ మరిది కొడుకు కేసు మొదలుపెడతారు. నేను పర్మిట్లు ఇప్పించేది మనుషులకు కాదు, లారీలకు.

మామూలు లారీ వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు. అంతకన్నా వెడల్పైన సరుకును, లేదా మరీ ఎత్తైనదాన్ని, మరీ బరువైనదాన్ని ఓవర్‌సైజ్ లోడ్ అంటాం. అది రోడ్డెక్కాలంటే ముందుగా ఆ రోడ్డు గలవాళ్ళ అనుమతి కావాలి. ఫ్యాక్టరీ బాయిలర్లు, గాలిమర రెక్కలు, వంతెన దూలాలు పంపించాను. ఒకసారి ఏకంగా సగం ఇల్లు పంపించాను. ఏ దారిన వెళ్ళాలి, ఏ వంతెన ఆ బరువు మోస్తుంది, ఏ ఊరిని ఏ వేళలో దాటాలి, ముందూ వెనకా జెండాలు కట్టుకుని నడిచే పైలట్ కార్లు ఎన్ని ఉండాలి, ఇవన్నీ తేల్చి అనుమతులు తెచ్చాక నేను "రిలీజ్" అంటేనే మా యార్డులోంచి బండి కదులుతుంది. నాకన్నా పెద్ద జీతాలవాళ్ళు ఆఫీసులో చాలామందే ఉన్నారు గానీ, ఆ ఒక్క మాట అనే అధికారం నాదే. గొప్పలు చెప్పుకుంటోందని మీరనుకుంటే అనుకోండి, చెప్పుకుంటున్నాను.

ఈ పనిలో చేరిన కొత్తలో అందరూ అడిగే ప్రశ్నే నేనూ అడిగాను. అమెరికా ఒకే దేశం కదా, ఒకే పర్మిట్ ఎందుకివ్వరు? లారీ నుదుటి మీద "నేషనల్ పర్మిట్" అని రాసి ఉండడం చూస్తూ పెరిగినవాళ్ళం మనం. ఆ ఒక్క ముక్క రాసుంటే బండి కన్యాకుమారి దాకా వెళ్ళిపోతుందని మన నమ్మకం. అమెరికాలో ఓవర్‌సైజ్ బండికి ఆ సుఖం లేదు. సరిహద్దు, కస్టమ్స్, రాష్ట్రాల మధ్య వ్యాపారం వాషింగ్టన్ చూసుకుంటుంది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్ళే డ్రైవరు రోజుకు ఎన్ని గంటలు నడపాలో కూడా వాషింగ్టనే చెబుతుంది. రోడ్డు, దాని మీది వంతెన, దాన్ని కాసే పోలీసు మాత్రం రాష్ట్రానివి. ఇంటర్‌స్టేట్ హైవేకి డబ్బు చాలావరకు వాషింగ్టన్ ఇచ్చినా, మామూలు బరువుకు హద్దు అదే గీసినా, ఆ హద్దు దాటే బండికి సరేననాల్సింది ఆ రాష్ట్రమే. కెనడాలోనూ సుమారుగా ఇంతే. సరిహద్దు కేంద్రానిది, అంటే ఒట్టావాది. రోడ్డు మా రాష్ట్రం ఒంటారియోది.

ఇక అసలు కేసు. ఆ వేసవిలో అమెరికాలోని కెంటకీ కొండల్లో వరదలొచ్చాయి. ఓ చిన్న ఊళ్ళో నది పొంగి మంచినీళ్ళ ప్లాంటులోకి బురద దూరింది. పంపులు, మోటార్లు అన్నీ పాడైపోయాయి. వాటి బదులు బిగించాల్సిన పంపు సెట్టును మా పక్కనే ఎటోబికోలో ఉన్న ఓ ఫ్యాక్టరీ తయారుచేసింది. మొత్తం ఒకే ఇనుప చట్రం మీద బిగించి ఉంది, విప్పి ముక్కలుగా పంపడం కుదరదు. వెడల్పు పధ్నాలుగు అడుగులు. దాన్ని మోసుకెళ్ళే పని మాకొచ్చింది. ఒంటారియోలో సార్నియా వంతెన దాకా, అది దాటితే మిషిగన్, ఆ తర్వాత ఒహాయో, చివరికి కెంటకీ. ఒక్క పంపు, నాలుగు ప్రభుత్వాల రోడ్లు.

ఆ ప్లాంటు ఇంజినీరు పేరు డోనా. ఆమెతో మాట్లాడింది ఇంగ్లిష్‌లోనే, నేను మన మాటల్లో చెబుతున్నాను. మొదటి ఫోన్‌లోనే పలకరింపులేమీ లేకుండా విషయానికొచ్చింది.

"మీ లారీ ఎప్పుడొస్తుంది? మా ఆసుపత్రిలో కుళాయిలు ఎండిపోయాయి. డయాలసిస్ వాళ్ళని కొండ దారిలో అంబులెన్సులెక్కించి పక్క కౌంటీకి పంపిస్తున్నాం. నిన్న ఒక పెద్దాయన రానన్నాడు. ఆ మలుపుల్లో కుదుపులకి చచ్చేకన్నా నా మంచం మీదే పోతానన్నాడు. చిన్నప్పుడు నా స్కూల్ బస్సు నడిపినాయన."

నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. ఆమె వినలేదు. "ధైర్యం ఉందమ్మా. పంపు లేదు" అంది.

చిక్కంతా పండగలతో వచ్చింది. పంపు సిద్ధమయ్యేసరికి గురువారమైంది. ఆ వారాంతం ఇటు కెనడా డే, అది అవగానే అటు జులై నాలుగు, అమెరికా స్వాతంత్ర్య దినం. పండగ రోజుల్లో రోడ్లు కార్లతో నిండిపోతాయి కాబట్టి ఓవర్‌సైజ్ లోడ్లు కదలనివ్వరు. ఒంటారియో, మిషిగన్ రెండూ శుక్రవారం పొద్దున్నే దాటించేయొచ్చు. కెంటకీలో గవర్నరు వరద సాయం తెచ్చే బండ్లకు నియమాలు సడలిస్తూ ఆర్డరు వేశాడు. మధ్యలో మిగిలింది ఒహాయో. అక్కడ వరద లేదు, గవర్నరు ఆర్డరూ లేదు, శుక్రవారం మధ్యాహ్నం నుంచే మొదలయ్యే పండగ నియమం మాత్రం ఉంది. అంటే మా బండి పండగలన్నీ అయ్యేదాకా ఒహాయో గడప దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చోవాలి.

మా కంపెనీ యజమాని ప్రసాద్ గారిది విజయవాడ. డెట్రాయిట్‌లో ఐటీ ఉద్యోగం చేసి, విసుగెత్తి, ఇటొచ్చి ఈ వ్యాపారంలో దిగారు. మనిషి మంచివారు గానీ ఆగలేరు. మైక్రోవేవ్ ముందు నిలబడి కూడా తొందరపెడుతుంటారు. గురువారం పొద్దున్నే ఫోన్ ఊపుకుంటూ నా టేబుల్ దగ్గరికొచ్చారు.

"రాధిక గారూ, గుడ్ న్యూస్! ఫెడరల్ డిక్లరేషన్ వచ్చేసింది. కస్టమర్ ఇప్పుడే ఫార్వర్డ్ చేశాడు. ఇంక పర్మిట్లూ గిర్మిట్లూ ఏం అక్కర్లేదు. బండి రిలీజ్ చేసెయ్యండి."

"పూర్తిగా చదివారా అండీ?"

"ఎమర్జెన్సీ అని వాషింగ్టనే డిక్లేర్ చేశాక ఇంకా చదివేదేముందండీ? వాషింగ్టన్ ఓకే అంటే ఒహాయో కాదంటుందా?"

"శుభ్రంగా అంటుంది. ఈ డిక్లరేషన్ డ్రైవర్ గంటలకి సంబంధించింది. మన డ్రైవర్ యాదగిరి గారు మామూలుకన్నా ఎక్కువసేపు డ్రైవ్ చేయొచ్చు, అంతే. సైజు, బరువు నియమాలు దీని కిందికి రావని అందులోనే రాశారు. వాషింగ్టన్ తన రూల్ తను సడలించుకుంది. ఒహాయో రూల్ ఎలా సడలిస్తుంది?"

ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డారు. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదేనన్నమాట."

"పూజారి కాదండీ. ఒహాయోలో ఒహాయోనే దేవుడు. అక్కడ ఏ గుడికి ఆ దేవుడే."

"అది కాదండీ, పోలీసు ఆపితే మంచినీళ్ళ పంపని చెబుదాం. మనుషులే కదా వాళ్ళూ?"

అప్పుడు నేను స్క్రీన్ ఆయన వైపు తిప్పాను. మేము మామూలుగా వెళ్ళే దారిలో ఒహాయోలో ఒక వంతెన రిపేరులో ఉంది. ఒక లేను మూసేశారు. మిగిలిన దారిలో మా పంపు పట్టదు. బండి వంతెన మధ్యలో ఇరుక్కుంటే ముందుకూ లేదు, వెనక్కూ లేదు, పండగ ట్రాఫిక్ మొత్తం దాని వెనకాలే. ఆ వంతెన సంగతి ఒహాయోకి తెలుసు. వాషింగ్టన్‌లో కూర్చుని డిక్లరేషన్ రాసినవాళ్ళకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. అందుకే ఆ పర్మిట్ ఇచ్చే పని ఒహాయో చేతిలో పెట్టారు. ప్రసాద్ గారు ఆ వంతెన బొమ్మను కాసేపు చూసి, "అయితే ఏం చేద్దాం?" అన్నారు. ఆయనలో నాకు నచ్చే గుణం అదే, మాట అర్థమైతే పంతానికి పోరు.

ఒహాయో పర్మిట్ ఆఫీసులో రూత్ అనే ఆవిడ ఉండేది. ఏళ్ళ తరబడి ఫోన్‌లో మాట్లాడుకున్నాం, ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆవిడ మోకాలి ఆపరేషన్ నాకు తెలుసు, మా అమ్మాయి స్విమ్మింగ్ పోటీలు ఆవిడకు తెలుసు. ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"రాధికా, నీ బాధ నాకు అర్థమైంది. కానీ నువ్వు అడిగితే ఇవ్వలేను. ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలన్నిటికీ అర్జెంటే" అంది.

"మరి ఎవరు అడగాలి?"

"కష్టంలో ఉన్న రాష్ట్రం అడగాలి. కెంటకీ ఎమర్జెన్సీ ఆఫీసు మా రాష్ట్ర ఎమర్జెన్సీ ఆఫీసుని అడగాలి. వాళ్ళు నాకు సరేనని చెబితే, పండగైనా నేను స్పెషల్ పర్మిట్ రాస్తాను. రాష్ట్రాల మధ్య అలాంటి ఒప్పందం ఎప్పటినుంచో ఉంది. జనం పైకే చూస్తారు, పక్కకు చూడరు."

ఆ చివరి మాట నాకు లైటు వేసినట్టు తోచింది. వెంటనే డోనాకి ఫోన్ చేశాను. ఆమె నా మాట సగంలోనే ఆపేసింది.

"వాషింగ్టన్ నుంచి వచ్చిన అధికారులు మా ప్లాంటు ఆవరణలోనే టెంటు వేసుకుని ఉన్నారు. వాళ్ళ చేత ఒహాయోకి ఒక ఆర్డరు వేయిస్తాను, సరిపోతుందా?"

"వద్దమ్మా, అక్కడే రోజంతా పోతుంది. వాళ్ళు ఒహాయోని అడగగలరు, సాయం చేయగలరు. కానీ ఒహాయో ఉద్యోగి చేత పర్మిట్ రాయించే అధికారం వాళ్ళకి లేదు. మీ కౌంటీ ఆఫీసుకి వెళ్ళండి. కౌంటీ మీ రాష్ట్రాన్ని అడగాలి, మీ రాష్ట్రం ఒహాయోని అడగాలి."

డోనా ఎదురు ప్రశ్న వేసింది. "నువ్వెక్కడి నుంచి మాట్లాడుతున్నావన్నావు?"

"కెనడా నుంచి."

"మా దేశం ఎలా నడుస్తుందో కెనడా నుంచి ఫోన్ చేసి చెబుతున్నావా?" అని, నవ్విందో ఏడ్చిందో తెలియని గొంతుతో, "సరే, పోతున్నా" అంది.

మా డ్రైవరు యాదగిరి గారిది నల్గొండ. సౌదీ ఎడారుల్లో ఏళ్ళ తరబడి పెద్ద ట్రెయిలర్లు నడిపి ఇక్కడికొచ్చారు. ఆయన స్టీరింగ్ పట్టుకుంటే సరుకు నిద్రపోతుందని మా ఆఫీసులో అంటారు. ఒంటారియో, మిషిగన్ అనుమతులు చేతిలో ఉన్నాయి కాబట్టి అంతవరకే రిలీజ్ ఇచ్చాను. శుక్రవారం తెల్లవారగానే బయల్దేరి, సార్నియా దాటి, మధ్యాహ్నం కాకముందే ఒహాయో సరిహద్దుకు కాస్త ఇవతల, మిషిగన్‌లో లారీలు ఆపుకునే చోటుకి చేరారు. అక్కడి నుంచి ఫోన్.

"మేడమ్, ఇగ ఈడికెళ్ళి ఒహాయోనే. ఏం జెయ్యమంటరు?"

"ఏం చెయ్యకండి యాదగిరి గారూ. టీ తాగండి."

"గీ బండికి మన నేషనల్ పర్మిట్ లెక్క ఒక్కటి రాసిస్తే ఏం బోయిందో వీళ్ళకు. మంచిది తియ్యి, మీరు చెప్పినంకనే కదుల్త."

ఆ మధ్యాహ్నం ఎలా గడిచిందో నాకే తెలుసు. కౌంటీ అడిగిందని డోనా చెప్పింది. కెంటకీ ఆఫీసుకి నేనే ఫోన్ చేసి, లోడు కొలతలు, దారి, డ్రైవరు వివరాలు పంపాను. వాళ్ళు ఒహాయోకి పంపామన్నారు. తర్వాత ఎటు నుంచీ ఉలుకూ పలుకూ లేదు. సాయంత్రం కావస్తుంటే డోనా మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి కోపంగా.

"పంపు సరిహద్దు దాకా వచ్చి ఆగిందట! ఇక్కడ మనుషులు బకెట్లు పట్టుకుని నిలబడ్డారు. నువ్వు చల్లటి గదిలో కూర్చుని రూల్స్ చదువుతున్నావు."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. తిట్టే హక్కు ఆమెకుంది. నా పట్టుదల వల్ల ఎవరికైనా ఏమైనా అయితే? అదే ప్రశ్న నన్నూ తినేస్తోంది. కానీ బండి వంతెన మీద ఇరుక్కున్నా, దారిలో లారీలను తూచే చోట పోలీసులు పట్టుకుని పక్కన పెట్టేసినా ఆ పంపు పండగ దాటినా చేరదు. చేరాలంటే ఇదొక్కటే దారి. ఆ సంగతే ఆమెకు చెప్పాను. సారీ మాత్రం చెప్పలేదు.

ప్రసాద్ గారి ఓపిక అప్పటికి అయిపోయింది. నా ఎదురుగానే స్పీకర్ ఆన్ చేసి, "యాదగిరి గారూ, పైలట్ కార్లు ఉన్నాయి కదా, మెల్లగా వేరే రోడ్డు పట్టుకుని దాటేయండి, చూసుకుందాం" అన్నారు.

"సారూ, కోపం జేసుకోకుండ్రి. మేడమ్ చెప్పంది బండి కదలది."

ప్రసాద్ గారు ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు. "ఇది నా కంపెనీయా, మీదా?"

"కంపెనీ మీదేనండీ. బండి నాది."

ఆయన ఏదో అనబోయేంతలో నా ఫోన్ మోగింది. రూత్.

"మీ కెంటకీ వాళ్ళు చక్కగా అడిగారు. మా పైవాళ్ళు సరేనన్నారు. పర్మిట్ పంపుతున్నాను, షరతులు జాగ్రత్తగా చదువు. ఆ రిపేరు వంతెన వైపు వెళ్ళకూడదు. నేనిచ్చిన దారే, పగటి పూటే. ముందు మా హైవే పోలీసు కారు నడుస్తుంది. రాధికా, మా ఇంట్లో పండగ వంటకి నేను లేటయ్యాను, మా ఆయనకి నువ్వే సమాధానం చెప్పాలి."

నేను థాంక్స్ చెప్పేలోపే ఆవిడే, "నీ పని నువ్వు సరిగ్గా చేశావు కాబట్టి నా పని నేను చేయగలిగాను" అని పెట్టేసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు అవార్డులేమీ రాలేదు. ఆ మాట ఉంది, చాలు.

అయితే ఇంకో మెలిక మిగిలింది. బండి ఆగిన చోటు నుంచి ఒహాయో గీత దాకా ఉన్న ఆ కాస్త దూరం మిషిగన్‌ది. మిషిగన్ పండగ నియమం అప్పటికే మొదలైపోయింది. ఆ నాలుగు అడుగుల కోసం మళ్ళీ మిషిగన్‌కి ఫోన్ చేసి, ఒహాయో పర్మిట్ చూపించి, విడిగా అనుమతి తీసుకున్నాను. ప్రసాద్ గారు తల పట్టుకుని, "కాఫీ పెట్టుకోవడానికి ఏ గవర్నమెంటు పర్మిషన్ కావాలో కూడా చెప్పండి" అన్నారు.

శనివారం కెనడా డే. ఊరంతా జెండా రంగు ఎర్రచొక్కాలేసుకుని పార్కుల్లో ఉంటే ప్రసాద్ గారూ నేనూ ఆఫీసులో, వాళ్ళావిడ పంపిన పులిహోర తింటూ, స్క్రీన్ మీద బండి జాడ చూపే చుక్కను చూస్తూ కూర్చున్నాం. చుక్క ఒహాయోలోకి దిగింది. ఊళ్ళు తప్పించుకుంటూ, రూత్ గీసిన దారిలో, మెల్లగా కిందికి జారింది. మధ్యాహ్నం దాటాక ఒహాయో నది ఒడ్డుకు చేరింది. నది పేరు ఒహాయోదే గానీ నీళ్ళు, వంతెన దాదాపు అంతా కెంటకీవి. అందుకని ఒహాయో పోలీసు కారు ఇవతలి ఒడ్డునే ఆగిపోయింది, కెంటకీ పోలీసు కారు ఎదురొచ్చింది. యాదగిరి గారు అవతలి ఒడ్డున బండి ఆపుకుని ఫోన్ చేశారు.

"మేడమ్, వీళ్ళు తోలుకొచ్చి, వాళ్ళకు అప్పజెప్పిన్రు. పెండ్లిల అప్పగింతలు జేసినట్టే జేసిన్రు. ఒహాయో పోలీసాయన కిందికి దిగి నాకు చెయ్యి గూడ ఇచ్చిండు. ముప్పై ఏండ్ల సంది బండ్లు నడుపుతున్న, ఏ పోలీసూ నాకు గంత మర్యాద జెయ్యలే."

పొద్దు వాలకముందే ఆయన ఆ ఊరు చేరారు. అక్కడి జనం బండి చుట్టూ మూగి, పంపును చేతులతో తడిమి చూశారట. దించడం, బిగించడం, పైపులు కడగడం, నీళ్ళు పరీక్ష చేయించడం, ఇవన్నీ ఆ తర్వాతి పనులు, వాళ్ళవి. నా పని అక్కడితో అయిపోయింది. కానీ మనసు ఊరుకోదు కదా. పండగ వెళ్ళాక ఇంకో లోడు పర్మిట్లు చూసుకుంటూ కూడా చెవి ఫోన్ మీదే ఉంచాను.

ఈ పని నాకు నేర్పింది ఇదే. వాషింగ్టన్ డ్రైవరుకు గంటలిచ్చింది. కెంటకీ అడిగింది. ఒహాయో దారి చూపించింది. మిషిగన్ ఆ కాస్త రోడ్డు వదిలింది. ఎవరూ తమది కానిదాన్ని ఇవ్వలేదు, తమదైనదాన్ని పట్టుకుని కూర్చోనూ లేదు. అధికారం పదిమంది చేతుల్లో ఉన్న చోట పని ఆగిపోతుందని నాతో చాలామంది వాదిస్తారు. ఆగేది నిజమే. అయితే ఏది ఎవరి చేతిలో ఉందో తెలిసిన మనిషి ఒకరుండి, సరైనవాళ్ళ తలుపు తడితే, ఆ చేతులన్నీ కదులుతాయి. అప్పుడు ఆ మనిషిని నేను. అది నేను మర్చిపోను, ఎవరినీ మర్చిపోనివ్వను.

డోనా ఫోన్ ఒక మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది. ఈసారి కూడా పలకరింపుల్లేవు.

"ల్యాబ్ రిపోర్టు వచ్చింది. పొద్దున ఆసుపత్రికి లైను వదిలాం. డయాలసిస్ మళ్ళీ ఇక్కడే మొదలుపెట్టారు. ఆ రోజు నిన్నొక మాటన్నాను..."

"వదిలేయండి. కుళాయిల్లో ధార బాగుందా?"

"బాగుంది" అంది డోనా.

చిన్నప్పుడు ఒంగోల్లో మా వీధికి రెండు రోజులకోసారి మునిసిపాలిటీ నీళ్ళొచ్చేవి. ముందు ఎవరింటి కుళాయి పలికితే వాళ్ళు వీధిలోకొచ్చి ఒక్క కేక పెట్టాలి, అది మా వీధి కట్టుబాటు. తక్కిన ఇళ్ళవాళ్ళు ఏ పనిలో ఉన్నా వదిలేసి బిందెలతో పరుగెత్తేవాళ్ళు. నేను ఫోన్ పెట్టేసి లేచి నిలబడ్డాను. ఆ ఆఫీసులో నేను కాక తెలుగు తెలిసింది ప్రసాద్ గారొక్కరికే. అయినా సరే, గొంతెత్తి గట్టిగా కేకేశాను.

"నీళ్ళొచ్చాయ్!"